రెండు బల్లల మధ్య అంగుళం సందు

అడిలైడ్ నుంచి పెర్త్‌కి విమానంలో మూడు గంటలు. రైల్లో అయితే రెండు రాత్రులు, మధ్యలో ఒక పూర్తి పగలు. తెలివున్నవాళ్ళు విమానమెక్కుతారు. నేను మా అమ్మానాన్నల్ని రైలెక్కించాను. అమ్మకు ఒక సంగతి చెప్పాలి, చెప్పే ధైర్యం లేదు, మూడు గంటల్లో రాని ధైర్యం రెండు రోజుల్లోనైనా రాకపోతుందా అని నా ఆశ.

అప్పట్లో నేను అడిలైడ్ శివార్లలో మాసన్ లేక్స్‌లో చదువుకుంటున్నాను. యూనివర్సిటీ పక్క వీధిలో నలుగురు తెలుగమ్మాయిలం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చివరి సెమిస్టరు అయిపోయింది. పట్టా పుచ్చుకునే రోజు చూద్దామని అమ్మానాన్నలు పాలకొల్లు నుంచి వచ్చారు. ఆ రైల్లో అప్పుడు పడకలు లేకుండా కూర్చునే బోగీ ఒకటి ఉండేది, స్టూడెంట్లకూ ముసలివాళ్ళకూ తగ్గింపు ధర. ఇప్పుడా బోగీ తీసేశారట. ఆ దారిన ఇంక మాలాంటివాళ్ళు వెళ్ళడం కష్టమే.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. మాది క్రైస్తవ విశ్వాసుల కుటుంబం. మా సంఘంలో ఆడవాళ్ళు బంగారం పెట్టుకోరు, మందిరంలో నెత్తిమీది కొంగు జారనివ్వరు. అమ్మయితే వంటింట్లో కూడా జారనివ్వదు. ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పెట్టేదాన్ని మేము బల్ల అంటాం. తప్పు చేశారనుకున్నవాళ్ళను పెద్దలు 'బల్లకు దూరం' పెడతారు. అలా దూరం పెట్టినవాళ్ళతో ఇంట్లో కూడా ఒక బల్ల దగ్గర కూర్చుని తినకూడదని మా పెద్దల కట్టడి.

అమ్మకు ఒక్కతే చెల్లెలు, తబిత పిన్ని. ఎనిమిదేళ్ళ కిందట పిన్ని రమణ బాబాయిని రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. బాబాయి విశ్వాసి కాడు. పెద్దలు పిన్నిని బల్లకు దూరం పెట్టారు. చిన్నప్పుడు ఒక కంచంలో తిన్న అక్కచెల్లెళ్ళు. అమ్మ ముందు కలిసి తినడం మానేసింది, తర్వాత మాట మానేసింది, ఆ తర్వాత ఆ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. పిన్ని సింగపూర్‌లో ఉందన్నంతవరకే అమ్మకు తెలుసు. అక్కణ్ణుంచి పెర్త్ వచ్చి హారిస్‌డేల్‌లో ఇల్లు కొనుక్కుందని తెలియదు. నేను సెమిస్టరు సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపానని, పిన్ని చేతి వంట తిని ఇంత లావయ్యానని అసలే తెలియదు.

పిన్ని నన్ను అడిగింది ఒక్కటే. "అక్క నాతో కూర్చుని ఒక్క పూట అన్నం తినాలే. ఆ తర్వాత ఎంత తిడితే అంత తిట్టనీ."

"పెర్త్‌లో ఎవరింట్లో దిగుతాం?" అని అమ్మ అడిగినప్పుడు నేను "సిస్టర్ ఇంట్లో" అన్నాను. మా సంఘంలో ప్రతి ఆడమనిషీ సిస్టరే. అమ్మ సంతోషపడిపోయి, "స్తోత్రం ప్రభువా, అంతదూరంలో కూడా మనవాళ్ళున్నారన్నమాట" అంది. నేను అబద్ధం చెప్పలేదు. ఆవిడ సిస్టరే. ఎవరి సిస్టరో చెప్పలేదంతే.

నాన్నకు మాత్రం ముందే చెప్పాను. అది నేను చేసిన రెండో పొరపాటు. నాన్న నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఆయన బయలుదేరిన దగ్గర్నుంచి నోటినిండా వేరుశనగపప్పులు పోసుకుని కూర్చున్నారు.

అడిలైడ్ స్టేషన్

సాయంత్రం రైలు. గంట ముందే వెళ్ళి ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం. నేను కూర్చోలేక అటూఇటూ తిరుగుతున్నాను. నేను తిరిగొచ్చేసరికి అమ్మ ఎవరో తెల్లావిడ ముందు నిలబడి చెయ్యి చాపి ఉంది.

ఆవిడకు డెబ్బై దగ్గర ఉంటాయి. మడమల దాకా ముదురు నీలం గౌను, నడుముకి నల్లని గుడ్డ, తలమీద పల్చని తెల్లటోపీ, గడ్డం కింద దాని తాళ్ళు. పక్కన గడ్డితో అల్లిన టోపీ పెట్టుకున్న ముసలాయన. గడ్డం బారెడు, మీసం మాత్రం నున్నగా గీసేశాడు.

అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి దగ్గర మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడి దొరసాని నర్సులు అచ్చం ఇలాగే తెల్లటోపీలు పెట్టుకునేవారట. తెల్లటోపీ కనబడగానే అమ్మకు అరవై ఏళ్ళ వయసులో మళ్ళీ ఆ ఆసుపత్రి వరండా కనబడింది.

"ప్రైజ్ ద లార్డ్ సిస్టర్! మై బీపీ చూడండి. అండ్ నీ పెయిన్. నీ పెయిన్" అంటూ మోకాలు చూపిస్తోంది.

నాన్న పప్పులు నములుతూ, "ఆవిడ పెయిన్ కాదే, నా పెయిన్ అను" అన్నారు.

నేను పరుగెత్తుకెళ్ళేలోపే ఆ ముసలావిడ అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని నాడి చూసింది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా నవ్వింది. "మీ అమ్మగారికి చెప్పు, నేను నర్సును కాను. ఆవుల్ని చూసుకుంటాను. ఈవిడ ఆవైతే బాగానే ఉందని చెప్పి దాణా పెట్టేదాన్ని."

అమ్మకు చెప్తే సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆవిడ ఊరుకోలేదు. సంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసి అందులోని ఇంట్లో చేసిన పసుపురంగు మందు అమ్మ మోకాలికి, చీర మీదనుంచి కాదు, చీర పైకి జరిపి మరీ రాసింది. కర్పూరం, మైనం కలిసిన వాసన. "పేరు అడగవే" అంది అమ్మ.

"లిడియా."

మా తెలుగు లేఖనంలో ఆ పేరు లూదియ. మా అమ్మ పేరు అదే. నేను ఆ మాట చెప్పగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఎప్పుడో తప్పిపోయి దొరికినవాళ్ళలాగా చేతులు పట్టుకున్నారు. ఇంక రెండు రోజులు వాళ్ళిద్దరి మధ్యా నేనే నోరు, నేనే చెవి. రహస్యం దాచుకునేవాళ్ళు చెయ్యాల్సిన పని కాదు అది.

రైల్లో మొదటి సాయంత్రం

మా సీట్లకు అవతలి వరసలోనే వాళ్ళ సీట్లు. రైలు కదిలిన పది నిమిషాలకే నాన్న ముసలాయన పక్కకు చేరారు. ఆయన పేరు లీవై. వాళ్ళు అమెరికాలో ఓహాయో నుంచి వచ్చిన ఆమిష్‌వాళ్ళు. ఇళ్ళల్లో టీవీలుండవు, పొలానికి గుర్రాలు, ప్రయాణానికి గుర్రబ్బండి. వాళ్ళ సంఘం విమానమెక్కనివ్వదట. అందుకని మూడు వారాలు ఓడలో సముద్రం దాటి సిడ్నీలో దిగి, అక్కణ్ణుంచి రైలెక్కి వస్తున్నారు. నేను రెండు రోజుల ప్రయాణం గొప్పనుకుంటున్నాను.

"కారెక్కకూడదు గానీ రైలెక్కవచ్చా?" అని నాన్న అడిగారు. ఆయనకు లెక్క తేలకపోతే నిద్రపట్టదు, ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారు.

"కారు కూడా ఎక్కుతాం. కొనుక్కోం" అన్నాడు లీవై అంకుల్. "సొంతకారుంటే మనిషి ఇంటిపట్టున ఉండడు. ఎక్కడికో పోవాలనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు ముందు ఊరు దాటతారు, తర్వాత సంఘం దాటతారు."

ఆ మాట అంటూ ఆయన కిటికీలోకి చూశాడు. నాన్న నావైపు చూశారు. నేను లేచి బోగీ చివరిదాకా ఒకసారి నడిచి వచ్చాను.

టీ తాగే బోగీలో టీ నాలుగు డాలర్లు. నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి, ఆ డబ్బుతో పాలకొల్లులో ఎంతమందికి టిఫిను పెట్టించవచ్చో చెప్పి, అయినా తాగారు. మేము తెచ్చుకున్న పులిహోర, వాళ్ళు తెచ్చుకున్న రొట్టె, చీజు పక్కపక్క టేబుళ్ళ మీద విప్పాం. మాది నోరారా చేసే ప్రార్థన. నాన్న మొదలుపెడితే ఆస్ట్రేలియా ప్రధానమంత్రి దాకా అందరినీ తలుచుకుంటారు. వాళ్ళు తల వంచుకుని, చప్పుడు లేకుండా కాసేపుండి, తలెత్తి తినడం మొదలుపెట్టేశారు.

"అదేంటే, ప్రార్థన చేసేరా, కునుకు తీసేరా?" అంది అమ్మ నా చెవిలో.

"చేశారమ్మా. లోపల్లోపల."

"లోపల్లోపల చేస్తే ఇంట్లోవాళ్ళకి ఎలా తెలుస్తాది, మనసులో ఏముందో?"

నేను పులిహోర మింగలేక నీళ్ళు తాగాను.

నల్లర్‌బోర్

తెల్లారేసరికి నల్లర్‌బోర్ మైదానంలో ఉన్నాం, బయట చెట్టన్నది లేదు. ఎర్రమట్టి, మోకాలెత్తు బూడిదరంగు పొదలు, ఆకాశం. అంతే. పట్టాలు వందల కిలోమీటర్ల పొడుగునా ఒక్క మలుపు లేకుండా పోతాయి. మా గోదావరి జిల్లాలో కాలువ దాటకుండా పది నిమిషాలు బండి నడపలేం. ఇక్కడ పొద్దున్నించీ చూస్తున్నా దాటడానికి ఏమీ లేదు. చూడటానికి గద్ద ఒకటి కనబడితే బోగీ అంతా కిటికీల దగ్గరికి చేరింది.

అలాంటి చోట మనసు కుదుటపడుతుందని రాసినవాళ్ళున్నారు. నాకు తిక్క పుట్టింది. మలుపన్నా ఉంటే మలుపు దాటాక చెబుదామనుకోవచ్చు, స్టేషనన్నా ఉంటే స్టేషను దాటాక. ఏమీ లేని చోట వాయిదాకి కూడా వంక దొరకదు. కాలుగాలిన పిల్లిలా బోగీలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. ఒకావిడ "ఒంట్లో బాలేదా డార్లింగ్?" అని కూడా అడిగింది.

ఇటు వీళ్ళిద్దరూ హాయిగా ఉన్నారు. అమ్మ కొంగు ఏసీ గాలికి జారుతుంటే లిడియా ఆంటీ తన గౌను ముందువైపునుంచి ఒక గుండుసూది తీసి, అమ్మ నెత్తిమీద కొంగును జుట్టుకు కలిపి గుచ్చింది. వాళ్ళ గౌన్లకు గుండీలుండవు, అన్నీ గుండుసూదులే. ముసుగు ఎందుకు వేసుకుంటారని అమ్మ అడిగితే ఆవిడ చెప్పిన కారణం, మా మందిరంలో నేను పుట్టినప్పటినుంచీ విన్న కారణమే. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "విన్నావా? నువ్వేమో హెల్మెట్ తప్ప ఏమీ పెట్టుకోవు."

కుక్

మధ్యాహ్నం రైలు కుక్ అనే ఊళ్ళో ఆగింది. ఊరంటే నలుగురు మనుషులు, మూసేసిన బడి, రేకుల జైలుగదులు రెండు. రైలుకి నీళ్ళూ నూనే పట్టేదాకా దిగి తిరగవచ్చు. ఎండ మాడ్చేస్తోంది, ఈగలు కళ్ళల్లోకి, ముక్కుల్లోకి.

నాన్న ఊరికే ఉండలేక, జైలుగదుల ముందు నిలబడ్డ లీవై అంకుల్ని, లిడియా ఆంటీని "స్మైల్ ప్లీజ్" అంటూ కెమెరా ఎత్తారు. అంకుల్ గబుక్కున వెనక్కి తిరిగి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమిష్‌వాళ్ళు ఫోటోలు తీయించుకోరు. నాన్న మొహం మాడిపోయింది. అమ్మ అందరిముందూ దులిపేసింది. "అడగకుండా తీసేత్తారా? పరాయి మనిషి మనసులో ఏముందో కనుక్కోవక్కర్లేదా?"

"అడగకుండా చేసేవాళ్ళు మనింట్లో నేనొక్కణ్ణేనా?" అన్నారు నాన్న, నాలుక కరుచుకుని గుప్పెడు పప్పులు నోట్లో వేసుకున్నారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను.

సరిహద్దు లోపు

రైలు కదిలాక మైకులో చెప్పారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి పళ్ళు, తేనె తీసుకుపోకూడదు, సరిహద్దు వచ్చేలోపు తినెయ్యండి, లేదా పారెయ్యండి అని. అమ్మ సంచిలో రెండు కిలోల ద్రాక్షపళ్ళు, లిడియా ఆంటీ బుట్టలో ఆపిల్స్, అడిలైడ్ బజార్లో కొన్న తేనెసీసా. ఆహారం పారేయడమంటే ఇద్దరు లూదియలకూ ప్రాణం పోయినట్టే. టీ బోగీలో ఒక టేబుల్ మీద అన్నీ పోసి, అమ్మ చపాతీలు తీసి, తేనె అద్దుకుని తింటూ కూర్చున్నాం. నాన్నా లీవై అంకులూ తలా నాలుగు ఆపిల్స్ తిని, ఇంక మావల్ల కాదని సీట్లకు వెళ్ళిపోయారు.

"పెర్త్‌లో ఎవరున్నారు మీకు?" అని అమ్మ అడిగించింది.

"మా అమ్మాయి రూత్" అంది లిడియా ఆంటీ. "పదిహేనేళ్ళు అవుతోంది చూసి. ఇక్కడి పాలరైతు ఒకతను మా ఊరు వచ్చాడు, అతన్ని చేసుకుని వచ్చేసింది. మా సంఘంలో బాప్తిస్మం తీసుకుని మరీ వెళ్ళిపోయింది. అందుకని ఆమెను వేరు పెట్టారు. ఆమెతో ఒక బల్ల దగ్గర మేము తినకూడదు. ఆమె కారెక్కకూడదు."

"ఏవంటంది?" అని అమ్మ రెండుసార్లు అడిగాక తెలుగులో చెప్పాను. అమ్మ చేతిలో చపాతీ కింద పెట్టేసింది.

"మరి ఇంతదూరం ఎందుకెళ్తన్నారు? తినకూడని ఇంటికి?"

ఆ ప్రశ్న నేను ఇంగ్లీషులోకి మార్చాను. లిడియా ఆంటీ నవ్వి, టేబుల్ మీద రెండు చేతులూ పక్కపక్కన ఆనించి, మధ్యలో కొంచెం సందు ఉంచింది.

"మా ఊళ్ళో తల్లులందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. రెండు బల్లలు వేస్తాం. మధ్యలో అంగుళం సందు. పైన రెంటినీ కలిపి ఒకే గుడ్డ పరుస్తాం. ఒక బల్ల దగ్గర ఆమె, రెండో బల్ల దగ్గర మేము. కట్టుబాటు కట్టుబాటే. కూర మాత్రం అటూఇటూ చేతికందుతుంది."

నేను ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. అమ్మ ఆవిడ చేతుల మధ్య సందుకేసి చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు లిడియా ఆంటీ అడిగింది. "మీరు పెర్త్‌లో ఎవరిని చూడబోతున్నారు?"

అది నేను తెలుగులో చెప్పనే లేదు, "ఈవిడ సిస్టర్‌ని" అనేశాను. అమ్మకు ఆ ఒక్క ముక్క అర్థమైంది. "యెస్, యెస్, సిస్టర్ హౌస్!" అంది సంబరంగా.

"మీ చెల్లెలా! ఎన్నేళ్ళయింది చూసి?"

"నో సీ. ఫస్ట్ టైమ్."

"సొంత చెల్లెల్ని మొదటిసారి చూడటమా?"

"యెస్ యెస్. గుడ్ సిస్టర్. బిలీవర్ సిస్టర్."

లిడియా ఆంటీ అమ్మవైపు చూసింది, నావైపు చూసింది. అమ్మ చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళగానే మెల్లగా అంది. "నువ్వు అటు మాట ఇటు, ఇటు మాట అటు పూర్తిగా చేరవెయ్యడం లేదు. అవునా?"

అంతా చెప్పేశాను. పిన్ని, బాబాయి, బల్ల, నా సెలవులు, అన్నీ. నాకు ఏడుపొచ్చింది, ఒక పరాయి దేశపు ముసలావిడ ముందు తేనె అంటుకున్న చేతుల్తో ఏడ్చాను.

"మా రూత్‌కి మేము వస్తున్నట్టు తెలుసు. మాకు ఎక్కడికి వెళ్తున్నామో తెలుసు" అంది ఆవిడ. "మీ అమ్మని కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్తే, ఆవిడ ఆ గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతుంది. అందులో ఆవిడ తప్పు కూడా ఉండదు."

అమ్మ తిరిగొచ్చింది. లిడియా ఆంటీ లేచి, ఆఖరి ద్రాక్షగుత్తి అమ్మ చేతిలో పెట్టి తన సీటుకి వెళ్ళిపోయింది. నేను తలొంచుకుని చెప్పాను. "అమ్మా, మనం దిగేది తబిత పిన్ని ఇంట్లో."

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండును.

"ఆ పిల్లకి తెలుసా, నేను వస్తన్నానని?"

"తెలుసు."

"నువ్వు తిన్నావా అక్కడ?"

"తిన్నానమ్మా."

"ఎన్నిసార్లు?"

"సెలవులన్నీ అక్కడే ఉన్నానమ్మా."

అమ్మ చేతిలోని ద్రాక్షపళ్ళు ఒక్కొక్కటే తుంచి, తినకుండా టేబుల్ మీద వరసగా పెట్టింది. రైలు సరిహద్దు దాటిందని మైకులో చెప్పారు. అమ్మ లేచి ఆ పళ్ళన్నీ చెత్తబుట్టలో వేసేసింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ తిండి పారేయడం నేను చూడలేదు. సీటుకి వెళ్ళి, కొంగు మొహం మీదికి లాక్కుని, కిటికీవైపు తిరిగి కూర్చుంది. నాన్న పప్పుల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంక దాంతో పనిలేదు.

పెర్త్ స్టేషన్

పొద్దున్న దిగాం. అమ్మ రాత్రి తిండి తినలేదు, నాతో మాట్లాడలేదు.

ప్లాట్‌ఫాం మీద రూత్ ఉంది. యాభై దగ్గరి మనిషి, జీన్స్, ఎండకు కమిలిన చేతులు, పొట్టిజుట్టు. తల్లి కనబడగానే జేబులోంచి తెల్ల రుమాలు తీసి గబగబా తలమీద కప్పుకుంది. లిడియా ఆంటీ ఆ రుమాలు సర్ది, ముడేసి, ఆ తర్వాత గట్టిగా వాటేసుకుంది. లీవై అంకుల్ కూతురితో కరచాలనం చేసి, చెయ్యి వదలకుండా అలాగే నిలబడ్డాడు.

బయట రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి రూత్ కారు, రెండోది పక్కింటాయన వ్యాను. వేరు పెట్టిన కూతురి కారు ఎక్కకూడదు కాబట్టి ముందు కారులో ఒక్కతే కూతురు, వెనక వ్యానులో తల్లీతండ్రీ. రెండు వందల కిలోమీటర్లు అలాగే వెళ్తారట. అమ్మ మెట్ల మీద నిలబడి ఆ రెండు బండ్లూ మలుపు తిరిగేదాకా చూసింది.

అప్పుడు వెనకనుంచి "అక్కా" అని వినిపించింది. పిన్ని ఎంత దూరం నుంచి చూస్తూ నిలబడిందో తెలియదు. చున్నీ నెత్తిమీద కప్పుకుని ఉంది. నేను ఆ ఇంట్లో ఉన్నన్ని రోజుల్లో పిన్ని తలమీద గుడ్డ చూడలేదు.

అమ్మ తిరిగి చూసింది. ఎనిమిదేళ్ళ తర్వాత అన్న మొదటి మాట ఇది: "చిక్కిపోయేవేంటే."

హారిస్‌డేల్

ఇంటి నిండా పచ్చిరొయ్యలు వంకాయ వాసన. పిన్ని తెల్లవారుజామునే లేచి వండిందట. దిబ్బరొట్టె కూడా వేసింది, మూకుడు లేక ఇనప పెనం మీద. ఆరుగురు కూర్చునే టేబుల్ మీద ఐదు ప్లేట్లు పెట్టి ఉన్నాయి. నాన్న కూర్చున్నారు. నేను కూర్చున్నాను. పిన్ని కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని అక్కవైపు చూస్తోంది.

"మీరు కానివ్వండి. నేను తర్వాత వంటగదిలో తింటాను" అంది అమ్మ.

పిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అంతేలే అక్కా" అని ఒక ప్లేటు తియ్యబోయింది. నాకు రైలు, రెండు రోజులు, నా తెలివితేటలు, అన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయనిపించింది.

"ఉండవే" అంది అమ్మ. తర్వాత బాబాయివైపు తిరిగింది. పెళ్ళయ్యాక ఆయనతో మాట్లాడటం అదే మొదలు. "ఇంట్లో ఇంకో బల్ల ఉందా అండి?"

బాబాయికి ఏమీ అర్థం కాలేదు. "బార్బెక్యూకి వాడే మడత టేబులుంది వదినగారూ, గరాజ్‌లో."

"తీసుకురండి."

మడత టేబుల్ వచ్చింది. అమ్మ దాన్ని పెద్ద టేబుల్ చివరకు దగ్గరగా జరిపించి, మధ్యలో వేలు నిలబెట్టి చూసి, "ఇంకొంచెం ఇటు, చాల్చాలు" అంది. పిన్నిని ఉతికిన దుప్పటి ఒకటి తెమ్మంది. రెండు బల్లలమీదా కలిపి పరిచి, ముడతలు సాపు చేసింది. మడత టేబుల్ దగ్గర పిన్నినీ బాబాయినీ కూర్చోబెట్టి, సందుకి ఇవతల, సరిగ్గా పిన్ని ఎదురుగా తను కూర్చుంది.

"ఇదేంటక్కా?"

"ఆవిడ చెప్పింది. నీకు తర్వాత చెప్తాను. ముందా రొయ్యలు ఇటివ్వు, ఆకలేత్తంది."

పిన్ని గిన్నె అందించింది. మధ్యలో సందు దగ్గర దుప్పటి కొంచెం కిందికి జారింది, గిన్నె తడబడింది, ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. పిన్ని ఏడుస్తూ తింది. అమ్మ ఏడవలేదు గానీ, ఎంతకీ ప్లేటులోంచి తల ఎత్తలేదు. నేను రైల్లో పోగొట్టుకున్న ఆకలంతా ఆ పూట తీర్చుకున్నాను.

వారం రోజులున్నాం. ప్రతి పూటా తినేముందు అమ్మ వేలు పెట్టి సందు చూసుకునేది. ఆఖరిరోజు మధ్యాహ్నం పిన్ని అన్నం తపేలా తీసుకొస్తూ నడుంతో మడత టేబుల్‌ని తోసింది. రెండు బల్లలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. అందరం చూశాం. అమ్మ దుప్పటి మీద చెయ్యి పెట్టి తడిమింది. మళ్ళీ ఒకసారి తడిమింది. చెయ్యి తీసేసి, "పప్పు చల్లారిపోతంది, వడ్డించవే" అంది.

మళ్ళీ మాసన్ లేక్స్

లిడియా ఆంటీ దగ్గర్నుంచి రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. రూత్ ఇంట్లో రెండు బల్లలూ ఒక ఎత్తువి కావట, మొదటి పూటే సూపు అటునుంచి ఇటు పారి లీవై అంకుల్ ఒళ్ళో పడిందట. 'అది కట్టుబాటు తప్పినట్టా కాదా అని ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు' అని రాసింది. అమ్మ కొంగుకి గుచ్చిన సూది జాగ్రత్తగా ఉందా అని అడిగింది. ఉంది. అమ్మ ఆదివారాలు మందిరానికి అదే పెట్టుకుంటోంది.

నాన్న నోట్లో నువ్వుగింజ నానలేదు. పాలకొల్లు చేరిన వారానికే సంఘం పెద్దలు ఇంటికొచ్చి, తబితతో కలిసి భోంచేశారట నిజమేనా అని అమ్మను అడిగారు. ఆ సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసింది.

"ఏం చెప్పావమ్మా?"

"రెండు బల్లలండి అని చెప్పేను. ఒక దాని దగ్గర అది, ఒక దాని దగ్గర నేను. ఈయన్నడగండన్నాను. సరేనని టీ తాగి వెళ్ళిపోయేరు."

"ఆఖరిరోజు సందు లేదు కదమ్మా."

"బల్లలెన్నే?"

"రెండే."

"మరి నేనేం అబద్ధం చెప్పేను?" అంది అమ్మ. ఆ మాట ఎక్కడో విన్నట్టుందని అందామనుకుని ఊరుకున్నాను. "అది గాదు గానీ, మళ్ళీ వచ్చినప్పుడు మా సిస్టరింటికి విమానంలో వెళ్దామే. మూడు గంటల్లో పోయేదానికి రెండ్రోజులెందుకు?"